వెయ్యిమంది వచ్చారు, ఎవరూ రాలేదు

"నాకు బెయిలు వద్దండీ" అన్నాడు ట్రాఫిక్ మాస్టారు.

గుమాస్తా ఆ మాట విని నోట్లో ఉన్న వక్కపలుకు నమలడం ఆపేశాడు. ఆయన ఇరవై ఏళ్ళు ఒక లాయరు గారి దగ్గర ఫైళ్ళు మోశాడు. లాయరు పోయాక అదే గదిలో కుర్చీ ఇటునుంచి అటు మార్చుకుని డిటెక్టివ్ పని మొదలుపెట్టాడు. బోర్డు మారింది గానీ జనం నోట్లో పేరు మారలేదు, గుమాస్తా గుమాస్తాగానే ఉండిపోయాడు. బెయిలు కోసం కాళ్ళు పట్టుకున్నవాళ్ళను చూశాడు, పుస్తెలు తాకట్టు పెట్టినవాళ్ళను చూశాడు. అక్కర్లేదన్నవాణ్ణి చూడటం ఇదే మొదటిసారి. మెడ వెనక ఎవరో తడిగుడ్డ వేసినట్టయింది.

అసలే ఆయన పిరికివాడు. ఆ సంగతి దాచుకోడు కూడా. ధైర్యమున్నవాడు తలుపు తోసుకుని లోపలికి పోతాడు, పిరికివాడు సందులోంచి చూస్తాడు, మన వృత్తికి సందులే ముఖ్యం అని ఆయన వాదన. ఆ వాదనతో ఇంతవరకూ ఒళ్ళు దాచుకుంటూ వచ్చాడు. ఈ కేసులో మాత్రం ఒళ్ళు దాచుకునే చోటు కనిపించడం లేదు.

ట్రాఫిక్ మాస్టారంటే చౌరస్తాలో నిలబడి చెయ్యెత్తేవాడు కాడు. వెబ్‌సైట్ పెట్టుకున్నవాళ్ళకు దాని దగ్గరికి జనాన్ని ఎలా రప్పించాలో, రప్పించి ఇంట్లో కూర్చుని ఎలా సంపాదించాలో నేర్పుతానని బోర్డు కట్టినవాడు. బోర్డు మీద నవ్వుతూ రెండు బొటనవేళ్ళూ పైకెత్తి ఉంటాడు. ఇప్పుడు ఆ రెండు చేతులూ తొడల మధ్య దోపుకుని, స్టేషన్ వెనకగదిలో బెంచీ చివర ముడుచుకుని కూర్చున్నాడు.

మంగళవారం సాయంత్రం అతని శిష్యురాలు మాయమైంది. కట్టుడుపళ్ళు తయారుచేసే ల్యాబులో పనిచేసే అమ్మాయి. అక్కా బావల దగ్గర ఉంటూ, పళ్ళసెట్టు ఎలా కడగాలి, చిగురు ఒరుసుకుంటే ఏం చేయాలి, ముసలాళ్ళు సెట్టు పెట్టుకోనని మొండికేస్తే ఎలా బుజ్జగించాలి అని రాస్తూ తీరిక వేళల్లో ఒక వెబ్‌సైట్ నడిపేది. ఆరింటికి ల్యాబు ముందున్న బస్టాపులో నిలబడింది. ఆ తర్వాత ఆమెను చూసినవాళ్ళు లేరు, ఫోను మోగలేదు. ఇవాళ శుక్రవారం. నిన్న ఆ అమ్మాయి అక్క గుమాస్తా బల్ల ముందు కూర్చుని, ఏడుపు మానేసిన గొంతుతో ఒకే మాట చెప్పింది. తన చెల్లెలు ప్రాణాలతో కావాలి, ఎవరు చేశారో ఎందుకు చేశారో తనకు తెలియకపోయినా ఫరవాలేదు. ఆ మాట గుమాస్తాకు రాత్రంతా నిద్ర లేకుండా చేసింది. ఎవరు చేశారో కనిపెట్టడం ఆయనకు చాతనవును. ప్రాణం సంగతి ఎవరి చేతిలో ఉంటుంది?

మాస్టారు చెప్పుకొచ్చిన కథ పెద్దదే గానీ, పెంకు తీస్తే పప్పు కొంచెమే. మొదట్లో అతను నిజమే నేర్పాడట. నలుగురికీ పనికొచ్చేది రాయండి, ఓపిక పట్టండి, ఏడాదికి గానీ వందమంది రారు అని. ఏడాది ఎవరు ఆగుతారు? ఇల్లు అలకగానే పండగ కావాలి అందరికీ. శిష్యులు ఒక్కొక్కరే జారుకున్నారు. అప్పుడొక ఫోను వచ్చింది. ఎవరికి ఎంతమంది కావాలో చెప్పు, నేను పంపిస్తాను, నీ పేరు మీద అమ్ముకో అంది అవతలి గొంతు. మర్నాటినుంచి శిష్యుల వెబ్‌సైట్లకు రోజుకు వెయ్యిమంది చొప్పున రావడం మొదలైంది. లెక్క పెరుగుతుంటే శిష్యులు పొంగిపోయి చుట్టాలను కూడా చేర్పించారు. వచ్చేవాళ్ళు మనుషులు కారని, ఒక గదిలో వరసగా కట్టిన ఫోన్లు వాటంతటవే పేజీలు తెరిచి మూస్తున్నాయని ఎవరికీ తట్టలేదు. అవన్నీ కాకిలెక్కలని తెలిసేసరికి వాళ్ళ చేతిలో చిల్లుకాణీ మిగిలేది కాదు.

"ఆ పిల్లకెలా తట్టింది?" అని అడిగాడు గుమాస్తా.

"వెయ్యిమంది వస్తున్నారు, ఒక్కరూ ఒక్క ప్రశ్న అడగలేదు, చిగుళ్ళు నొప్పి పుడుతున్నవాడు ప్రశ్న అడక్కుండా పోతాడా మాస్టారూ అంది."

ఆ అమ్మాయి అక్కడితో ఊరుకోలేదు. మంగళవారం పొద్దున 'నేను కొన్న వెయ్యిమంది' అనే పేజీ రాసి పెట్టింది. మోసం ఎలా జరుగుతుందో పూసగుచ్చినట్టు చెప్పింది. ఆఖరున, ఆ ఫోన్ల గది ఎవరిదో రేపు రాస్తాను అంది. ఆరింటికి ఆమె మాయమైంది. ఏడూ పదికి ఆ పేజీ మాయమైంది.

"పేజీ తీసింది నువ్వేనా?"

"కాదండీ."

"పాస్‌వర్డు నీ దగ్గరుంది."

"శిష్యులందరివీ నా దగ్గరే ఉంటాయి. తీసెయ్యమ్మా అని మధ్యాహ్నం ఫోన్లో బతిమాలాను. తియ్యనంది. ఏడింటికి నేను క్లాసులో ఉన్నాను, పదిమంది చూశారు."

"ఆ పదిమందీ నీ శిష్యులే."

"అవునండీ. అందుకే ఇన్‌స్పెక్టరు గారు నమ్మలేదు."

"మరి నువ్వు చేయకపోతే బయటికి ఎందుకు రానంటున్నావు?"

మాస్టారు తలుపు వైపు చూశాడు. బయట కానిస్టేబుల్ ఎవరితోనో ఫోన్లో మాట్లాడుతూ నవ్వుతున్నాడు. మాస్టారు గొంతు బాగా తగ్గించాడు.

"ఆ ఫోన్ల గది యజమాని బయటే ఉన్నాడు కదండీ. నేనాయన్ని చూడలేదు. ఎప్పుడూ ఫోనే. ఆ అమ్మాయి సంగతి మంగళవారం పొద్దున నేనే చెప్పాను. నువ్వు నీ పని చూసుకో, పిల్ల సంగతి నేను చూసుకుంటా అన్నాడు. కోపంగా కూడా అనలేదు. అదే నాకు భయం. ఇంకోటి... ఆయన మాట్లాడుతున్నంతసేపూ వెనక ఏదో బుసకొడుతూ ఉంటుంది. ఆగి ఆగి. పాము పడగెత్తినట్టు."

గుమాస్తాకు పాములంటే చచ్చేంత భయం. కాళ్ళు తెలియకుండానే బెంచీ కిందినుంచి ఇవతలికి లాక్కున్నాడు.

ఇన్‌స్పెక్టరుకు గుమాస్తా అంటే గిట్టదు. ఎప్పుడో లాయరు గారు కోర్టులో అతన్ని మూడు గంటలు నిలబెట్టి ప్రశ్నలు వేస్తే, ఒక్కో కాగితం అందించింది గుమాస్తానే. ఆ కక్ష కడుపులో అలాగే ఉంది. అయినా ఆ మధ్యాహ్నం తానే జీపెక్కించుకుని ఫోన్ల గదికి తీసుకుపోయాడు. కేసు తేలిపోయింది, నీ దుకాణం కట్టెయ్ అని చూపించడానికి.

మూతబడ్డ ఫర్నిచర్ షాపు పైన, నాలుగో అంతస్తు. కిటికీలకు అట్టలు అంటించి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు నిన్ననే తాళం పగలగొట్టించాడట. లోపల మనిషన్నవాడు లేడు. అద్దె అగ్రిమెంటు మాస్టారు పేరు మీద ఉంది. ఆపితే సాక్ష్యం పోతుందని ఇన్‌స్పెక్టరు ఫోన్లను అలాగే నడవనిచ్చాడు.

గుమాస్తా గుమ్మంలోనే ఆగిపోయాడు. చీకట్లో, నేల నుంచి కప్పు దాకా, వరస మీద వరస ఫోన్లు. ప్రతి ఫోనులోనూ పేజీ దానంతటదే పైకి జరుగుతోంది. కాసేపు ఆగుతుంది, చదువుతున్నట్టు. మళ్ళీ జరుగుతుంది. వేలు లేదు, కన్ను లేదు. గదంతా వేడిగా, మనుషులు కిక్కిరిసిన బస్సులో ఉన్నట్టు ఉంది, మనుషులు మాత్రం లేరు. ఎడమ వైపు వరసలన్నీ ఒక్కసారిగా మారి, ఆ అమ్మాయి వెబ్‌సైట్ తెరుచుకుంది. మొదటి పేజీలో ఆమె తన చేత్తో చేసిన పళ్ళసెట్టు బొమ్మ ఉంటుంది. నలభై తెరల మీద నలభై జతల పళ్ళు చీకట్లో తెల్లగా ఇకిలించాయి. రాసిన పిల్ల ఎక్కడుందో తెలియదు, ఆమె పాఠకులు మాత్రం చదువుతూనే ఉన్నారు. గుమాస్తా గోడ పట్టుకున్నాడు.

"భయమేసిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు, సంతోషంగా.

"వేసింది సార్" అని ఒప్పుకున్నాడు గుమాస్తా.

భయం వేసినప్పుడు ఆయన కళ్ళు దగ్గరి వస్తువులను పట్టుకుంటాయి, దూరం చూడలేక. ఇప్పుడు ముక్కుకు జానెడు దూరంలో ఉన్న ఫోనును పట్టుకున్నాయి. ఫోను పక్కకు జారకుండా పైన ఒక స్టీలు క్లిప్పు బిగించి ఉంది. రెండు దవడల లోపలా ఎర్రటి మెత్తని గుడ్డముక్క. ఫోను పట్టుకోవడానికి గుడ్డముక్క ఎందుకు? రబ్బరు అతికిస్తారు గానీ. పక్కదానికీ అదే, దాని పక్కదానికీ అదే. ఆ ఫోన్లు వేలాడుతున్న స్టాండ్లను చూశాడు. ఇనప గొట్టాలు, కింద చక్రాలు. చక్రాల ఇరుసుల్లో దూదిలాంటి నూలుపోగులు చుట్టుకుని ఉన్నాయి. వంగి ఒక పోగు లాగాడు. తెల్లది, నీలంది, ఇటుకరంగుది కలిసి వచ్చాయి.

"చెత్త ఏరుకోవడం అయ్యాక చెప్పు" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఆపైన అతను తన కథ చెప్పాడు. మంగళవారం ఆరింటికి మాస్టారు ఆ పిల్లను బలవంతంగా లాక్కుపోయాడు. ఆరున్నరకు పని ముగించాడు. ఏడూ పదికి క్లాసు మధ్యలో ఫోన్లోంచి, తన దగ్గరున్న పాస్‌వర్డుతో పేజీ తీసేశాడు. రేపు పొద్దున క్వారీ గుంటలో నీళ్ళు తోడిస్తే శవం దొరుకుతుంది. సాయంత్రానికి పత్రికలవాళ్ళకు ఫోటో.

"ఆరింటికి బస్టాపు నిండా జనం ఉంటారు సార్. అరుపు ఎవరికైనా వినిపించిందా?"

"నోరు మూసుంటాడు."

"ఎవరూ ఏమీ చూడలేదు కూడా. అరవలేదంటే తనంతట తానే ఎక్కింది. తెలిసినవాళ్ళ బండి."

"మాస్టారు తెలిసినవాడే కదయ్యా."

"పొద్దున అతని బండారం బయటపెట్టి, సాయంత్రం అతని బండే ఎక్కుతుందా?"

ఇన్‌స్పెక్టరు టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. కోర్టులో మూడు గంటలు నిలబడ్డ రోజు కూడా సరిగ్గా అలాగే చేశాడు.

"ఇంటి దగ్గర విచారించాం. మంగళవారం సాయంత్రం ఎవరూ రాలేదని వాళ్ళక్క సంతకం పెట్టి ఇచ్చింది. బయట దొరికినవాడు వీడొక్కడే. నువ్వు కొత్తగా ఎవణ్ణి పుట్టిస్తావు?"

"మీరు శవాన్ని వెతుకుతున్నారు సార్. నాకు మనిషి కావాలి."

"చూడు గుమాస్తా. ఇంకోసారి నా కేసులో వేలు పెట్టావంటే వాడి పక్కనే ఆ బెంచీ మీద కూర్చోబెడతా. పాత కాగితాలు మోసినంత తేలిక్కాదు లోపల ఉండటం."

మామూలు రోజయితే గుమాస్తా అక్కడితో సర్దుకునేవాడు. నిజానికి సర్దుకున్నట్టే తల వంచాడు కూడా. తల వంచిన అదను చూసుకుని ఒక క్లిప్పు ఊడదీసి జేబులో వేసుకున్నాడు. తొందరలో క్లిప్పు వేలిని కరిచింది, అరవలేక పెదవి కొరుక్కున్నాడు. ఊడదీసిన చోట ఫోను కిందికి వాలి, పళ్ళు తలకిందులుగా ఇకిలిస్తూ జరుగుతూనే ఉంది.

నాలుగు దాటాక ఆ అమ్మాయి అక్క ఇంటికి వెళ్ళాడు. ఆయన అక్కడికి వెళ్ళడం అదే మొదలు. లాండ్రీ అని ఆమె నిన్ననే చెప్పింది. అక్కాబావలు కింద షాపు నడుపుతూ పైన కాపురం ఉంటారు. అయినా షట్టరు దగ్గరకు వచ్చి లోపలికి ఒక కాలు పెట్టేదాకా గుమాస్తా బుర్రలో ఏమీ కదల్లేదు.

బుస్సుమంది.

కౌంటరు వెనక ఆవిడ ఆవిరి ఇస్త్రీపెట్టె ఎత్తి, ఒక కోటు భుజం మీద దించింది. మళ్ళీ బుస్సుమంది. ఆగింది. మళ్ళీ. ఆమె తలకు పైన కడ్డీ మీద ప్యాంట్లు వేలాడుతున్నాయి. ప్రతి ప్యాంటునూ రెండు స్టీలు క్లిప్పులు పట్టుకుని ఉన్నాయి. బట్ట నలగకుండా లోపల ఎర్రటి గుడ్డముక్కలు. కడ్డీకి నాలుగు చక్రాలు.

గుమాస్తాకు వెంటనే వెనక్కి తిరిగి పరుగెత్తాలనిపించింది. పరుగెత్తేవాడే కూడా. కానీ ఆవిడ "రండి బాబాయ్" అంటూ ఇస్త్రీపెట్టె పక్కన పెట్టేసింది, ఆ మొహంలో ఆశ చూసి కాళ్ళు రాలేదు. ఈవిడకు తెలుసా? తెలిసే తన దగ్గరకు వచ్చిందా? తెలియకపోతే చెప్పడం ఎలా, తెలిసి ఉంటే ఇక్కణ్ణుంచి బయటపడటం ఎలా? మంచినీళ్ళ గ్లాసు ఇస్తే పుచ్చుకున్నాడు గానీ తాగలేదు.

మీ ఆయన లేరా అని వీలైనంత మామూలుగా అడిగాడు. వ్యానులో బట్టలు ఇవ్వడానికి వెళ్ళాడట, రావడానికి ఇంకా పొద్దుందట. పాపం చెల్లెలు కనిపించనప్పటినుంచీ ఆయనా సరిగ్గా తినడం లేదట. ఎక్కడైనా వెతుకుదామంటే ఆయనకు ఇస్త్రీ తప్ప మరో లోకం తెలియదని, ఫోనులో నంబరు కలపాలన్నా తనకే ఇస్తాడని ఆవిడ చెప్పింది.

పైకి వెళ్ళే మెట్లు షాపు లోపలినుంచే ఉన్నాయి, వేరే దారి లేదు. ఆవిడ వెంట ఎక్కి చూస్తే చెల్లెలి గది చిన్నది. కిటికీ పక్కన ఆమె కంప్యూటరు, మీద మైనపు దవడ అచ్చు ఒకటి. కంప్యూటరుకు పాస్‌వర్డు అడిగే పని లేదు, వెబ్‌సైట్ లోపలి తలుపులు కూడా ఎప్పుడూ తెరిచే ఉంటాయి, మా ఇంట్లో దొంగలెవరున్నారు బాబాయ్ అంది ఆవిడ. గుమాస్తా వీపు మెట్ల వైపు ఉండకుండా కుర్చీ జరుపుకుని కూర్చున్నాడు.

మంగళవారం పేజీ పోయింది గానీ, దాని దగ్గరికి ఎవరెప్పుడు వచ్చారో చెప్పే లెక్క పోలేదు. లాయరు గారి పాత కేసు ఒకదానిలో అలాంటి లెక్క చూడటం గుమాస్తా నేర్చుకున్నాడు. బయటివాళ్ళు చదవడానికి వచ్చినా, మాస్టారు పాస్‌వర్డు పెట్టుకుని వెనక తలుపున దూరినా, వచ్చిన గుర్తు ఒకటి అక్కడ పడితీరాలి. పొద్దుటినుంచీ మూడు వందల పైచిలుకు మంది వచ్చారు. ఈసారి నిజం మనుషులు, చదివి తిట్టినవాళ్ళు, మాకూ ఇలాగే జరిగిందమ్మా అని రాసినవాళ్ళు. చివరి మనిషి వచ్చింది ఆరూ నలభైకి. తర్వాత ఎవరూ లేరు. ఏడూ పదికి పేజీ పోయింది.

మరి తీసినవాడు ఎలా వచ్చాడు? గాల్లోంచి ఊడిపడ్డాడా?

"అమ్మా, ఈ లెక్కలో పడకుండా ఎవరైనా లోపలికి రాగలరా?"

ఆవిడ కొంచెం నవ్వింది. నాలుగు రోజుల తర్వాత వచ్చిన నవ్వు కాబోలు, మొహానికి సరిగ్గా అమరలేదు. వెబ్‌సైట్ పెట్టిన మొదటి నెలలో నలభైమంది వచ్చారని అక్కాచెల్లెళ్ళిద్దరూ ఎగిరి గంతేశారట. తీరా చూస్తే ఆ నలభైమందీ తామిద్దరే. ఎవరైనా వచ్చారా అని గంటగంటకూ తెరిచి చూసుకున్న రాకడలే అవన్నీ. కడుపు నొప్పి పుట్టేలా నవ్వుకున్నారట. ఆ తర్వాత ఇంట్లోంచి ఎవరు తెరిచినా, ఏం మార్చినా లెక్కలో పడకుండా కట్టడి చేసుకుంది చెల్లెలు. మనల్ని మనమే మోసం చేసుకోకూడదక్కా అందట.

"ఇంట్లోంచి తెరిస్తే పడదు" అన్నాడు గుమాస్తా, మెల్లగా.

"పడదు."

"చాలా తెలివైన పిల్ల. ఎవరు నేర్పారో గానీ."

"నేర్పిందెవరు, మా ఆయనే. ఇలా చేస్తే ఇంటివాళ్ళు లెక్కలోకి రారు అని..."

ఆవిడ అక్కడ ఆగింది. ఫోనులో నంబరు కలపడం రానివాడి సంగతి ఆమెకు తాను చెప్పిన మాటలోంచే వినిపించినట్టుంది. కింద ఇస్త్రీపెట్టె దానంతటదే ఒకసారి బుస్సుమని ఊరుకుంది.

అడగక తప్పని ప్రశ్న ఇంకొకటి ఉంది, గుమాస్తాకు దాని జవాబు కూడా తెలుసు. అయినా అడిగాడు. మంగళవారం సాయంత్రం ఏడింటికి ఈ మెట్లెక్కి పైకి ఎవరు వచ్చారు?

"ఎవరూ రాలేదు బాబాయ్. పోలీసులకీ అదే రాసిచ్చాను కదా."

"మీ ఆయన?"

"ఆయన స్నానానికి వచ్చారు. రోజూ ఏడింటికి వస్తారు, పావుగంటలో మళ్ళీ వెళ్ళిపోతారు. ఆయన రావడం కూడా రావడమేనా?"

ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడన్న సామెత పుట్టినప్పటినుంచీ అందరమూ వింటున్నదే. అవసరమైన రోజున మాత్రం ఒక్కరికీ గుర్తు రాదు. ఇన్‌స్పెక్టరు ఎవరైనా వచ్చారా అని అడిగాడు, ఈ ఇల్లాలు నిజమే చెప్పింది, కంప్యూటరు కూడా నిజమే చెప్పింది. ముగ్గురూ కలిసి ఒక మనిషిని కనిపించకుండా చేశారు. గుమాస్తా జేబులోంచి క్లిప్పు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆవిడ దాన్ని చేతిలోకి తీసుకోలేదు. ఎర్రగుడ్డ వైపు చూస్తూ, ఇవి ఆయన పెట్టెలకు పెట్టెలు కొన్నారని, తుప్పు పట్టాయని చెప్పి సగం తీసుకుపోయారని అంది. స్టాండ్లు కూడా పాతవి అమ్మేశానన్నారు. తర్వాత గొంతు గట్టిగా చేసుకుంది.

"మా చెల్లి స్కూలుకెళ్ళేటప్పుడు ఆయన భుజానెక్కించుకుని తిప్పారు బాబాయ్. మీకు తెలీదు. సొంత కూతురులా చూసుకున్నారు."

"అందుకే బండి ఎక్కిందమ్మా" అన్నాడు గుమాస్తా. "బస్టాపులో బావ వ్యాను ఆపితే ఎక్కకుండా ఎలా ఉంటుంది?"

ఆ మాట అన్నందుకు ఆయనకు తన మీద తనకే కోపం వచ్చింది. ఆవిడ మంచం అంచున కూర్చుండిపోయింది. ఏడవలేదు. వేళ్ళతో చీర కుచ్చిళ్ళ మడతలు ఒత్తుతూ, విప్పుతూ, మళ్ళీ ఒత్తుతూ ఉంది. గుమాస్తా చెవులు రెండూ మెట్ల వైపే ఉన్నాయి. వీధిలో ఏ బండి నెమ్మదించినా కిటికీలోంచి తొంగి చూస్తున్నాడు. లేచి వెళ్ళిపోవచ్చు. వెళ్ళి ఇన్‌స్పెక్టరుకు చెప్పొచ్చు. ఒక క్లిప్పు, లెక్కలో పడని ఒక రాకడ, ఇవి చూపిస్తే అతను ముందు నవ్వుతాడు, ఆపైన బెంచీ చూపిస్తాడు. ఈలోగా ఆ పిల్ల ఉందో లేదో.

"ఆయనకు ఇంకెక్కడైనా చోటుందా అమ్మా? తాళం వేసుకునే చోటు?"

ఊరి చివర ఒక గోడౌన్ ఉందట. సబ్బులూ రసాయనాలూ పెట్టుకోవడానికి తీసుకున్నదట. ఆవిడ ఎప్పుడూ వెళ్ళలేదు. తాళంచెవి ఆయన మొలతాడుకే ఉంటుంది.

"అక్కడ మనుషులెవరైనా ఉంటారా?"

"ఎవరూ ఉండేవాళ్ళు కాదు. ఇప్పుడు ఒక కాపలావాణ్ణి పెట్టారు. మంగళవారం రాత్రినుంచే. అతనికి క్యారియర్ నేనే కట్టిస్తున్నాను." ఆవిడ నెమ్మదిగా, ఎవరో నిద్రలో మాట్లాడించినట్టు చెబుతోంది. "కారం వెయ్యొద్దన్నారు. అతను కారం తినలేడట. నేను ఒక్కరోజు మర్చిపోయి వేస్తే, గిన్నె అలాగే తిరిగొచ్చింది. మా చెల్లి... మా చెల్లీ కారం తినదు బాబాయ్."

గుమాస్తా లేచి నిలబడ్డాడు. బతికే ఉంది. అక్క చేతి అన్నం తింటూ మూడు రోజులుగా బతికే ఉంది. ఆ క్షణంలో ఆయనకు పాము భయం లేదు, ఇన్‌స్పెక్టరు భయం లేదు, కళ్ళల్లో నీళ్ళు వచ్చేశాయి. గోడౌన్ ఏ దారిలో ఉందో చెప్పమ్మా, క్యారియర్ తీసుకుని ఆయన బయల్దేరేలోపు మనమే వెళదాం, దారిలో మనుషులను కూడగడదాం అని గబగబా అన్నాడు. ఇవాళ క్యారియర్ ఎన్నింటికి పట్టుకెళతారని అడిగాడు.

ఆవిడ కదల్లేదు. కళ్ళు పెద్దవి చేసి ఆయన్ని చూస్తోంది, పెదవులు తెల్లబడిపోయాయి.

"ఇవాళ కట్టలేదు బాబాయ్" అంది. "మీరు రావడానికి కాస్త ముందే, వ్యాను తీస్తూ చెప్పారు. ఇవాళ్టినుంచి అతనికి క్యారియర్ అక్కర్లేదట."